దుండిగల్ రన్‌వే చుట్టూ మాంసపు వ్యర్థాలు పారబోయనివ్వొద్దు

సంపాదకుడు గారికి,

దుండిగల్ వైమానిక దళ అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేసినప్పుడు అది హైదరాబాద్‌కు దూరంగా ఉన్న చోటు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్క నుంచే పోతోంది. దాని వెంటే కాలనీలు, ఫంక్షన్ హాళ్లు, చికెన్ దుకాణాలు వచ్చాయి. కాబోయే పైలట్లు తొలి పాఠాలు నేర్చుకునేది ఇక్కడే. ఆ తర్వాతే హకీంపేట, బీదర్, యలహంక వైమానిక కేంద్రాల్లో పై శిక్షణ.

ఇక్కడ తొలి శిక్షణకు వాడిన హెచ్‌పీటీ-32 దీపక్ విమానాలను 2009లో పక్కన పెట్టారు. వాటిలో ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరి కాపాడే ఎజెక్షన్ సీటే లేదు. 2013లో వచ్చిన పిలాటస్ పీసీ-7 మార్క్-2లో ఆ సదుపాయం ఉంది, ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బోప్రాప్ ఇంజిన్ కూడా నమ్మదగినదే. కానీ ఉన్నది ఒక్కటే ఇంజిన్; పక్షి తగిలి అది ఆగితే రెండోది లేదు.

శిక్షణలో ఎక్కువ భాగం సర్క్యూట్లే. సుమారు వెయ్యి అడుగుల ఎత్తులో రన్‌వే చుట్టూ తిరిగి, దిగి, చక్రాలు నేలను తాకగానే మళ్లీ లేస్తారు. ఎండెక్కి వేడిగాలి లేచాక గద్దలు తిరిగేదీ దాదాపు ఆ ఎత్తులోనే. పక్షి తగిలితే దెబ్బ తీవ్రత వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది: వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. తగలకపోయినా ముప్పే. రన్‌వేకి ఎదురుగా తిరిగే చివరి మలుపులో వేగం తక్కువ, విమానం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. గద్దను చూసి ఉలిక్కిపడిన కుర్రాడు విమానాన్ని నడిపే స్టిక్ గట్టిగా లాగితే రెక్కల మీద లిఫ్ట్, అంటే విమానాన్ని పైన నిలిపే బలం, పోయి విమానం స్టాల్ అవుతుంది. తేరుకోవడానికి కింద ఎత్తు ఉండదు.

కంచె లోపల గడ్డి ఎత్తు చూసుకుంటారు, టపాసులు పేల్చి పక్షులను తోలుతారు. నాలుగు రోజుల్లో పక్షులు ఆ చప్పుడుకి అలవాటు పడిపోతాయి. కంచె బయట పేగులు, తలకాయలు దొరుకుతున్నంత కాలం అవి ఎక్కడికీ పోవు. ఆదివారం రాత్రి సంచుల్లో కట్టి కల్వర్టు కింద, చెరువు గట్టు మీద విసిరేసిన కోడి వ్యర్థాలు సోమవారం పొద్దుటికి గద్దలకు పిలుపు. విద్యార్థుల వారం మొదలయ్యేదీ ఆ పొద్దుటే.

చట్టం లేక కాదు. విమాన నియమావళి 1937లోని 91వ నిబంధన విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో పక్షులను ఆకర్షించే చెత్త పారబోయడాన్ని, జంతువులను కోయడాన్ని, తోలు ఒలవడాన్ని నిషేధిస్తోంది. చిక్కల్లా ఆ పరిధి 314 చదరపు కిలోమీటర్లు కావడం. అంత మేరా ఒక్క స్థానిక సంస్థలో ఇమడదు, కాబట్టి ఎవరికి వారు అది పక్కవాళ్ల పని అనుకుంటారు.

దుకాణదారుణ్ణి జరిమానాతో బెదిరిస్తే సంచి మరింత చీకట్లో పడుతుంది, అంతే. ప్రతి దుకాణానికీ మూత ఉన్న డ్రమ్ము ఇవ్వాలి. కొట్టు కట్టేసే వేళకే మూసిన బండి వచ్చి వ్యర్థాలను శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లాలి. ఏ రోజు ఏ దుకాణం ఇవ్వలేదో బండివాడి పుస్తకంలో రాస్తే, జరిమానా ఎవరికి వేయాలో అప్పుడు తెలుస్తుంది. ఈ పరిధిలోని స్థానిక సంస్థలన్నిటికీ కలిపి ఒకే అధికారిని జిల్లా కలెక్టర్ నియమించాలి. అన్ని రోజులకూ బండ్లు చాలకపోతే ముందు ఆదివారం రాత్రికైనా పంపాలి.

— ఒక పాఠకుడు, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా