లక్సెంబర్గ్ తలసరి లెక్కకు ఎక్కని తలలు

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచంలోని సంపన్న దేశాల గురించి మీ పత్రిక ఇటీవల వేసిన పట్టికలో లక్సెంబర్గ్‌ది మొదటి స్థానం. తలసరి జీడీపీ, అంటే దేశంలో ఏడాదిలో తయారైన వస్తువులు, సేవల మొత్తం విలువను జనాభాతో భాగించిన అంకె, లక్షా పాతిక వేల డాలర్ల పైమాట. అంకె సరైనదే. దాని పక్కన మీరు చేర్చిన వ్యాఖ్యతోనే నాకు పేచీ. సముద్రం లేని, చమురు లేని ఆ బుల్లి దేశం కేవలం పౌరుల క్రమశిక్షణతో ఇంత ఎత్తుకు ఎదిగిందనీ, మన రాష్ట్రాలు దాన్ని చూసి నేర్చుకోవాలనీ రాశారు. నేను ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్నాను. కాపురం మాత్రం సరిహద్దుకు ఇవతల, ఫ్రాన్స్‌లోని తియోన్‌విల్‌లో. చిన్నప్పటి భిన్నాల లెక్క గుర్తు చేసుకుంటే, మీరు వేసిన ఆ అంకెలో నేను లవంలో ఉన్నాను, హారంలో లేను.

నాలాంటి వాళ్లు కొద్దిమంది అయితే ఈ ఉత్తరమే అక్కరలేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి 82 కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకు 57, మొత్తం 2,586 చదరపు కిలోమీటర్ల దేశమది. 2025 మొదట్లో జనాభా 6.8 లక్షలు, అంటే 2011 జనగణన నాటి హైదరాబాద్ నగరంలో దాదాపు పదో వంతు. అంత చిన్న దేశంలోకి పనిదినాల్లో పొరుగు దేశాల నుంచి వచ్చి వెళ్లే ఉద్యోగులు సుమారు 2.3 లక్షల మంది. సగానికి పైగా ఫ్రాన్స్ వాళ్లు, మిగతావాళ్లు ఇంచుమించు సమానంగా బెల్జియం, జర్మనీల నుంచి వస్తారు. అక్కడ జీతం తీసుకునేవాళ్లలో దాదాపు సగం మంది రాత్రికి వేరే దేశంలో నిద్రపోతారు. మేము చేసిన పని విలువ లక్సెంబర్గ్ జీడీపీలో చేరుతుంది. దాన్ని భాగించేది మాత్రం అక్కడ నివాసం ఉన్నవాళ్ల సంఖ్యతోనే. మరి తలసరి అంకె పెరగకుండా ఎలా ఉంటుంది?

దీన్ని సరిచేసే లెక్కలు లేకపోలేదు. సరిహద్దు ఉద్యోగుల జీతాలు, విదేశీ పెట్టుబడిదారుల లాభాలు తీసేసి చూపే స్థూల జాతీయాదాయం లక్సెంబర్గ్ విషయంలో జీడీపీ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. కుటుంబాలు నిజంగా అనుభవించే వస్తువులు, సేవల విలువను కూడా యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ విడిగా లెక్కిస్తుంది. యూనియన్ సగటును 100 అనుకుంటే తలసరి జీడీపీలో లక్సెంబర్గ్ 240 దరిదాపుల్లో ఉంటుంది. కుటుంబాలు అనుభవించేదాన్ని చూసే కొలతలో మాత్రం 140కి అటూ ఇటూ. ఇప్పటికీ అది ముందు వరసే, కాదనను. కానీ జర్మనీకి ఆకాశమంత ఎత్తున ఉన్న దేశం, ఈ కొలతతో చూస్తే దానికి నాలుగు మెట్ల పైన కనిపిస్తుంది.

లక్సెంబర్గ్ క్రమశిక్షణ లేని దేశమని నేననడం లేదు. అయితే దాని సంపదకు మూలం ముందు మట్టిలో ఉంది, తరువాత చట్టంలో. ఉత్తరాన ఎస్లింగ్ ప్రాంతం ఆర్డెన్ కొండల భాగం, పంటకు అంతగా లొంగని నేల. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి రైతులు వేల సంఖ్యలో ఓడలెక్కి అమెరికాకు వలసపోయారు. దక్షిణాన ఎష్ పట్టణం చుట్టూ ఎర్రమట్టి కింద ఇనుప ఖనిజం విస్తారంగా ఉన్నా, అందులో భాస్వరం ఎక్కువ కావడంతో మంచి ఉక్కుకు పనికొచ్చేది కాదు. భాస్వరాన్ని వేరుచేసే పద్ధతిని ఇంగ్లండులో థామస్, గిల్‌క్రిస్ట్ కనిపెట్టగానే, 1879లో లక్సెంబర్గ్ కంపెనీలు దాని హక్కులు కొనుక్కున్నాయి. కొలిమి నుంచి మిగిలిన భాస్వరపు చిట్టెం ఎరువై, ఎస్లింగ్ పొలాలను కూడా బాగుచేసింది. సరుకుకు మార్కెట్‌ను, తమలో తాము సుంకాలు ఎత్తేసుకున్న జర్మన్ రాజ్యాల కూటమి ఇచ్చింది. గనుల్లోకి ఇటలీ కూలీలు దిగారు. 1911లో ఆర్బెడ్ అనే ఉక్కు సంస్థ పుట్టింది. అంటే ఈ దేశం కలిమి మొదటి రోజు నుంచీ పక్కవాళ్ల పనితనంతో, పక్కవాళ్ల సంతతో కలిసి నడిచిందే.

నిజంగా నేర్చుకోదగ్గది ఒకటుంది, దాన్ని మీ వ్యాఖ్య వదిలేసింది. 1974లో శిఖరాన ఉన్న ఉక్కు ఉత్పత్తి మరుసటి ఏడాదే కుప్పకూలింది. అప్పుడు ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాయి. కార్మికులను మూకుమ్మడిగా వీధిన పడేయకుండా ఆర్బెడ్‌లోనే సంక్షోభ నిరోధక విభాగం పెట్టి, పనిలేని ఉక్కు కార్మికుల చేత ప్రజోపయోగ పనులు చేయించి జీతాలిచ్చారు. ఆ సర్దుబాటుకు ఏళ్లు పట్టింది, ఖజానాకు భారమైంది కూడా. ఆఖరి ఇనుప గని 1981లో, ఖనిజం కరిగించే ఆఖరి పెద్ద కొలిమి (బ్లాస్ట్ ఫర్నేస్) 1997లో మూతపడ్డాయి. ఎష్ దగ్గరి బెల్వాల్ కొలిముల్లో ఒకదాన్ని ముక్కలుగా విప్పి చైనాలోని కున్‌మింగ్‌కు తీసుకెళ్లారు. మిగిలిన కొలిముల పక్కనే ఇవాళ విశ్వవిద్యాలయం నడుస్తోంది. ఆర్బెడ్ 2002లో ఆర్సెలార్‌లో కలిసింది, 2006లో దాన్ని మిట్టల్ స్టీల్ సొంతం చేసుకుంది. ఆర్సెలార్ మిట్టల్ ప్రధాన కార్యాలయం ఇప్పటికీ లక్సెంబర్గ్‌లోనే ఉంది.

ఉక్కు ఖాళీ చేసిన చోటులోకి డబ్బు వచ్చింది. 1929లోనే హోల్డింగ్ కంపెనీలకు, అంటే వేరే కంపెనీల వాటాలు చేతిలో ఉంచుకోవడమే పనిగా ఉన్నవాటికి, పన్ను రాయితీ చట్టం చేసిన దేశమిది. మదుపు నిధులపై 1985లో వచ్చిన యూరప్ ఆదేశాన్ని 1988లో అందరికంటే ముందు తన చట్టంగా మార్చుకుంది. ఫలితంగా అమెరికా తరువాత మ్యూచువల్ ఫండ్లకు అతి పెద్ద చిరునామా అయింది. అక్కడ నమోదైన నిధుల విలువ 5 లక్షల కోట్ల యూరోలకు పైమాటే. ఆ దేశపు వార్షిక జీడీపీ చూస్తే 8 వేల కోట్ల యూరోలు దాటిన మొత్తమే. బహుళజాతి కంపెనీలకు నామమాత్రపు పన్నుతో చేసిపెట్టిన ఒప్పందాలు 2014లో లక్స్‌లీక్స్ పేరుతో బయటపడి యూరప్ అంతా దుమారం రేగింది. దీన్ని కూడా క్రమశిక్షణ ఖాతాలోనే వేద్దామా?

ఇక జనం. 1960లో 3.15 లక్షలున్న జనాభా ఇప్పుడు రెట్టింపు దాటింది. నివాసుల్లో 47 శాతం విదేశీ పౌరులు, వారిలో పోర్చుగీసు వాళ్లే ఎక్కువ. భవనాలు కట్టేది, వాటిని ఊడ్చేది చాలావరకు వాళ్లే. పార్లమెంటు ఎన్నికల్లో దీర్ఘకాల విదేశీ నివాసులకు ఓటు ఇద్దామా అని 2015లో అడిగితే, ఓటు ఉన్నవాళ్లలో దాదాపు 78 శాతం వద్దన్నారు. పనిచేస్తూ కూడా పేదరికం అంచున ఉన్నవాళ్ల వంతు యూరోపియన్ యూనియన్‌లో బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో లక్సెంబర్గ్ ఒకటి. ఆ కొలత ఆ దేశపు ఆదాయాల మీదే ఆధారపడుతుంది కాబట్టి దాన్ని ఆకలిగా చదవకూడదు. ఇంటి అద్దె అక్కడ జీతాన్ని ఎలా మింగుతుందో చెప్పడానికి మాత్రం అది చాలు. నేను తియోన్‌విల్‌లో ఉండడానికి కారణం కూడా అద్దే. లక్సెంబర్గ్ 2020 మార్చి నుంచి బస్సులు, రైళ్లు, ట్రాములు ఉచితం చేసింది, గొప్ప విషయమే. సరిహద్దు దాకా మాత్రం మేము టికెట్ కొనుక్కోవాలి.

మా ఆదాయపు పన్ను ఆ దేశానికే వెళ్తుంది. మా పిల్లల బడులు, మా వీధి దీపాలు ఫ్రాన్స్ ఖర్చు. ఇంటి నుంచి పనిచేస్తే ఏడాదికి 34 రోజుల వరకు పన్ను లక్సెంబర్గ్‌దే. ఆ గడువు దాటితే ఇంట్లో చేసిన రోజుల వాటా ఫ్రాన్స్‌కు చేరుతుంది. బెల్జియం సరిహద్దు మునిసిపాలిటీలకు లక్సెంబర్గ్ ఏటా పరిహారం ఇస్తుంది. ఫ్రాన్స్ వైపు రైల్వే, పార్కింగ్ పనుల్లో వాటా పెట్టుకుంటోంది తప్ప అలాంటి పరిహారం లేదు. దీనిపై ఇక్కడి మేయర్ల ఫిర్యాదు పాతదే. 2020 వసంతంలో కరోనా వల్ల సరిహద్దుల్లో తనిఖీలు మొదలైనప్పుడు, ఇటువైపు నుంచి వచ్చే నర్సులూ డాక్టర్లూ ఎక్కడ ఆగిపోతారోనని లక్సెంబర్గ్ ప్రభుత్వం వాళ్లకు హోటల్ గదులు చూపింది. ఆస్పత్రులు ఎవరి మీద నడుస్తున్నాయో ఆ వారాల్లో దాచడం కుదరలేదు.

ఇదంతా పరదేశపు గొడవ అనుకోకండి. తెలంగాణ జిల్లాల తలసరి లెక్కల్లో రంగారెడ్డి ముందుంటుంది. గచ్చిబౌలి, మాదాపూర్ కార్యాలయాలు ఆ జిల్లా పరిధిలోవి. వాటిలో పనిచేసేవాళ్లలో ఎందరో హైదరాబాద్, మేడ్చల్ జిల్లాల్లో ఇళ్లున్నవాళ్లు. శేరిలింగంపల్లిలో తయారైన విలువను జిల్లా అంతటికీ పంచి, ఆ జిల్లా మారుమూల రైతు ఇల్లు కూడా సంపన్నమేనని మీరే మరో పేజీలో రాస్తున్నారు.

కాబట్టి వచ్చేసారి ఇలాంటి పట్టిక వేసేటప్పుడు జీడీపీ పక్కన స్థూల జాతీయాదాయానికి కూడా ఒక వరస కేటాయించండి. లక్సెంబర్గ్ లాంటి దేశాల పేర్ల దగ్గర చిన్న గుర్తు పెట్టి కారణం కింద రెండు వాక్యాల్లో రాయండి. జిల్లాల పట్టికకు కూడా అలాంటి వివరణే చేర్చండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తియోన్‌విల్, ఫ్రాన్స్