ఎడమకాలి వారం: తల్లిదండ్రులకు హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ప్రతి నెలా పరీక్షల తేదీలతో మొదలుపెడతాను. ఈసారి అవి వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ ఉత్తరం పోయిన శనివారం అండర్-14 ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మ్యాచ్ అయిపోయాక నాకు వచ్చిన ఆరు ఫోన్ల గురించి. ఆరింటిలో ఐదు ఒకే ప్రశ్న. ఒక నాన్నగారు అడిగిన తీరులోనే రాస్తున్నాను: "మేడం, మావోడికి బాల్ దొరికిందంటే ఒక్కడే గోల్ దాకా తీస్కపోతడు. మీ పీఈటీ సార్ వాణ్ని ఎందుకు ఆపుతుండు?"

మ్యాచ్ 3-1తో ఓడిపోయాం కాబట్టి కోపం వచ్చింది. అర్థం చేసుకోగలను. మీకు ముందుగా చెప్పకపోవడం నా పొరపాటే. ఇప్పుడు చెబుతున్నాను.

నవంబర్ చివర్లో ఒకరోజు పీఈటీ సార్ నా గదిలోకి వచ్చి, "మేడం, ఒక వారం కుడికాలు బంద్ పెడతా" అన్నారు. నేను లెక్కల టీచర్ని. ఎవరికో కాలు విరిగిందనుకుని రిజిస్టర్ పక్కన పెట్టి లేచాను. ఆయన చెప్పింది వేరు. ఆ వారమంతా గేమ్స్ పీరియడ్‌లో పాస్ ఇచ్చినా గోల్‌కి కొట్టినా ఎడమకాలితోనే. ఎడమకాలి వాటం పిల్లలు మన టీమ్‌లో ఇద్దరున్నారు, వాళ్లకి మాత్రం కుడికాలు. అలవాటు కాలు తగిలిందా, బంతి అవతలి జట్టుది. ఆ తర్వాతి వారం డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్లతో నడిపించుకుంటూ ఒక్కడే పోవడం, బంద్: బంతి వస్తే ఆపు, చూడు, ఇచ్చెయ్.

మొదటి రోజు నేను కూడా వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఎనిమిదో తరగతిలో అందరూ పొగిడే కుర్రాడొకడున్నాడు, మీలో చాలామందికి తెలుసు. ఉరుక్కుంటూ వచ్చి ఎడమకాలితో ఒక్కటి తన్నాడు. బంతి కదల్లేదు, వాడు కూలబడ్డాడు. రెండోసారి బంతి నీళ్ల ట్యాంకు వెనక్కి పోయింది. నవ్వినవాళ్లకీ వాడి గతే పట్టింది. పావుగంటలో గ్రౌండ్ మీద హీరో అనేవాడే లేడు. అందరూ మొదటిసారి బంతి చూసినవాళ్లలాగే ఉన్నారు.

నా కళ్లు మాత్రం ఏడో తరగతి పిల్లాడొకడి మీదే ఉండిపోయాయి. కొంచెం బొద్దుగా ఉంటాడు కాబట్టి ఏ జట్టులో పడ్డా గోల్‌లో నిలబెట్టేస్తారు. ఆ రోజు ముందుకొచ్చి ఆడాడు. వాడికి కుడికాలి గర్వం ఎప్పుడూ లేదు, పోగొట్టుకునేదీ లేదు. బంతి రాగానే అరికాలితో ఆపాడు. తలెత్తి చూశాడు. ఖాళీగా ఉన్నవాడికి నెమ్మదిగా దొర్లించాడు. అంతే, అదే పని మళ్లీ మళ్లీ చేశాడు. గురువారానికల్లా పిల్లలే "వాడు మా జట్టు" అని కొట్లాడుకున్నారు. మా స్టాఫ్ రూమ్‌లో ఆ వారం ఇంకో మాట నడవలేదు.

ఇది మన పీఈటీ సార్ సొంత తెలివి అనుకుంటే ఆయనే ఒప్పుకోరు. ఇది హైదరాబాద్ విద్యే. సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక మాస్టారు ఉండేవారు. మీరు రోజూ బస్సులో దాటిపోయే కాచిగూడలో, అక్కడి మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పారు, తర్వాత చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పనిచేశారు. బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి పోటీలే నడిపించారాయన. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి, అక్కడి పేరున్న ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ గెలిచి తెచ్చింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఫుట్‌బాల్‌లో అంతకుముందు ఏ ఆసియా దేశమూ ఒలింపిక్ సెమీస్ చూడలేదు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పిల్లాడు.

అదే రహీం సాబ్ కోచ్‌గా ఉన్న జట్టు 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడే రోజులవి. పదికి ఒకటి! మన 3-1కి ఆరు ఫోన్లు వచ్చాయి. ఆయన కాలంలో సెల్‌ఫోన్లు లేకపోవడం ఆయన అదృష్టం.

డ్రిబ్లింగ్ మీద మాకేం పగ లేదు. ఒక్కడే బంతి పట్టుకుపోతే మిగతావాళ్ల సంగతేంటి అన్నదే మా బాధ. సీజన్ మొదటి మ్యాచ్‌లో ఊరుకోలేక రిజిస్టర్ వెనక పేజీలో పిల్లల పేర్లు రాసుకుని, బంతి తగిలిన ప్రతిసారీ ఒక గీత గీశాను. ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి ఒకడి పేరు పక్కన గీతలు లైను దాటి కిందికి దిగాయి. రైట్ బ్యాక్, అంటే వెనక కుడివైపు కాపు కాసేవాడు, వాడి పేరు పక్కన మూడు. ఒక పిల్లాడి పేరు పక్కన ఏమీ లేదు. వాడు పొద్దున ఐదున్నరకి లేచి, వాళ్లమ్మ కట్టిన ఉప్మా బాక్స్ పట్టుకుని వచ్చినవాడు. అరగంట అటూ ఇటూ పరిగెత్తి, బంతి ముట్టుకోకుండా ఇంటికి పోయాడు. తిరిగి వచ్చాక ఆ పేజీ సార్‌కి చూపించాను. ఎడమకాలి వారం అక్కడ పుట్టింది.

అందుకే అండర్-14 ఫ్రెండ్లీ మ్యాచ్‌ల్లో ఈ ఏడాదంతా ఒకటే పద్ధతి. పేరిచ్చిన పదహారు మందిలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక హాఫ్ ఆడతారు. దీనివల్ల కొన్ని మ్యాచ్‌లు ఓడిపోతాం. తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాను. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మండల, జిల్లా సెలక్షన్స్ సంగతి వేరు, అక్కడ బాగా ఆడేవాళ్లే వెళ్తారు. ఆ విషయంలో ఎవరి సిఫార్సూ తేవద్దు. నా చేతిలో లేదు, ఉన్నా చెయ్యను.

ఇప్పుడు అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్న సంగతి. శనివారం మనకి పడిన రెండో గోల్ గుర్తుందా? బంతి మన రైట్ బ్యాక్ దగ్గర ఉంది. లైను దగ్గర నుంచి సార్ "ఆగు, చూడు" అంటున్నారు. ఇటువైపు నుంచి వాళ్ల నాన్న "కొట్టు! కొట్టు!" వెనక ఇంకెవరో "గోల్‌కీపర్‌కి ఇయ్యి!" పిల్లాడు బంతి వదిలేసి మనవైపు చూశాడు. ఆ చూసినంతలో అవతలి పిల్లాడు బంతి లాక్కుని పోయాడు. మ్యాచ్ అయ్యాక మన పిల్లాడు నా దగ్గరికొచ్చి, "మేడం, ఎవరి మాట వినాలి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

వచ్చే మ్యాచ్ నుంచి లైనుకి మూడు మీటర్ల వెనక తాడు కడతాం. తల్లిదండ్రులు తాడు ఇవతలే. చప్పట్లు ఎన్నయినా కొట్టండి, అవతలి బడి పిల్లలు బాగా ఆడితే వాళ్లకీ కొట్టండి. సలహాలు మాత్రం వద్దు. రెఫరీ మన పాత విద్యార్థి, ఇంటర్ చదువుతున్నాడు, డబ్బులు తీసుకోకుండా ఎండలో పరిగెడుతున్నాడు. ఆఫ్‌సైడ్ ఇచ్చాడని వాణ్ని అన్న మాటలు నేను విన్నాను. ఇక వినదలచుకోలేదు.

ఆ గొడవలో మన ఒక్క గోల్‌ని ఎవరూ పట్టించుకోలేదు. త్రో-ఇన్ నుంచి నాలుగు పాస్‌లు, చివర్లో ఎడమకాలితో చిన్నగా మూలకి. మూడో పాస్ ఇచ్చింది ఆ బొద్దు పిల్లాడే.

అండర్-17 అబ్బాయిలు ఒకటి గెలిచారు, ఒకటి డ్రా. బాగానే ఆడుతున్నారు.

అమ్మాయిల జట్టు జులైలో ఏడుగురితో మొదలైంది, ఇప్పుడు పదమూడు మంది. మొదటి మ్యాచ్ పది నిమిషాలు ఆలస్యమైంది, ఎందుకంటే ఆరుగురి చెవుల్లో కమ్మలు, ఒకరి ముక్కుకి పుడక. ఆట నియమాల ప్రకారం నగలేవీ ఉండకూడదు, పైన టేప్ అంటించినా ఒప్పుకోరు. గొలుసులు, గాజులు, రబ్బరు బ్యాండ్లు అన్నీ అంతే. అబ్బాయిల రాగి కడియాలూ ఇందులోకే వస్తాయి. ఇంట్లోనే తీసి పంపండి, మైదానంలో పోతే వెతకడం మా వల్ల కాదు. చెవులు, ముక్కు కుట్టించే ఆలోచన ఉంటే వేసవి సెలవుల దాకా ఆగండి. షార్ట్స్ ఇబ్బంది అనిపిస్తే లోపల లెగ్గింగ్స్ వేసుకోవచ్చు, షార్ట్స్ రంగులోనే ఉండాలి. "ఆడపిల్లకి ఫుట్‌బాల్ ఎందుకు" అని అడిగిన నానమ్మగారికి ఎదురుగా చెప్పిందే మళ్లీ చెబుతున్నాను: నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఇవాళ దేశం జెర్సీ వేసుకుని ఆడుతోంది. ఆమె వాళ్ల నానమ్మ ఏమందో నాకు తెలియదు గానీ, ఈ నానమ్మ మాత్రం తర్వాతి ప్రాక్టీస్‌కి మంచినీళ్ల క్యాన్ పట్టుకుని వచ్చింది.

బూట్ల గురించి: ఖరీదైనవి కొనకండి. మన మొరం గ్రౌండ్‌లో నాలుగు నెలల్లో అరిగిపోతాయి, పైగా పిల్లల పాదాలు ఆగవు కదా. మామూలు స్టడ్స్ చాలు. మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్ గార్డ్స్ మాత్రం తప్పనిసరి, అవి లేకపోతే రెఫరీ ఆడనివ్వడు. బడి దగ్గర ఇరవై జతలున్నాయి, ఆఫీసులో సంతకం పెట్టి తీసుకోవచ్చు. తలకి దెబ్బ తగిలిన పిల్లల్ని ఆ రోజు మళ్లీ ఆడించం, "నాకేం కాలేదు సార్" అన్నా సరే.

పదో తరగతి వాళ్లు ఐదుగురున్నారు. ముగ్గురి ఇళ్ల నుంచి "ఇక చాలు, ఆపించండి" అని చీటీలు వచ్చాయి. మీ టెన్షన్ నాకు తెలుసు, వాళ్లకి లెక్కలు చెప్పేది నేనే. సాయంత్రం స్పెషల్ క్లాసుల జోలికి రాకుండా మంగళ, శుక్రవారాలు పొద్దున ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా ప్రాక్టీస్ పెట్టాం. జనవరి చివరికి అదీ ఆపేస్తాం. అప్పటిదాకా ఆడనివ్వండి. వారానికి గంటన్నర మానేసినంత మాత్రాన త్రికోణమితి రాదు.

వచ్చే మ్యాచ్ శనివారం పొద్దున ఏడున్నరకి, మన గ్రౌండ్‌లోనే. ఆదివారం తల్లిదండ్రుల మ్యాచ్ కూడా పెడుతున్నాం. ఐదుగురు చొప్పున జట్టు, పది నిమిషాల హాఫ్, అంతా ఎడమకాలితోనే. అమ్మలూ ఆడొచ్చు. రెఫరీగా ఎనిమిదో తరగతి పిల్లలుంటారు. పేర్లు శుక్రవారం లోపు ఆఫీసులో ఇవ్వండి. ఇప్పటికి నాలుగు వచ్చాయి. మొదటి పేరు, "మావోణ్ని ఎందుకు ఆపుతుండు" అని ఫోన్ చేసిన నాన్నగారిదే.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్