టీకాల ఫ్రిజ్ అలారం నోరు ఎందుకు నొక్కారంటే...

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఆసుపత్రుల్లో ఫ్రిజ్‌లు, స్టెబిలైజర్లు బాగుచేయడం నా పని. టీకాల ఫ్రిజ్‌ల పక్కన వోల్టేజీ మీద కన్నేసే పరికరాలు పెడుతున్నారు, సంతోషం. కానీ ఈమధ్య ఒక ఆసుపత్రికి వెళ్తే దాని బజర్ మీద దూది పెట్టి ప్లాస్టర్ అంటించేశారు. మెసేజ్‌లను సిస్టర్ గారు మ్యూట్‌లో పెట్టుకున్నారు. ఆవిడను ఒక్క మాట అనలేను.

సెట్టింగ్ చూస్తే కింది హద్దు 218 వోల్టులు, పై హద్దు 242. అంటే మామూలుగా రావాల్సిన 230కి అటూ ఇటూ ఐదు శాతం. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. మా ఊళ్లకు తీగలు కొబ్బరి తోటల మధ్య నుంచి వస్తాయి, మేమేమో లైను చివర. సాయంత్రం అందరూ స్విచ్చులు వేసేసరికి వోల్టేజీ దిగిపోతుంది, అర్ధరాత్రి లోడు తగ్గితే పైకి లేస్తుంది. పక్కన బోరు మోటారు స్టార్టయినా ఓసారి లైటు డిమ్మవుతుంది. వీటన్నిటికీ మోగుతుంటే ఎవరైనా ఎన్నాళ్లని వింటారు?

అసలు భయపడాల్సింది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగినప్పుడు. అప్పుడు ఒక ఫేజులో వోల్టేజీ పడిపోయి, ఇంకోదాంట్లో 300 దాటి పోవచ్చు. ఫ్రిజ్‌లోని సర్క్యూట్ బోర్డులు కాలిపోవడానికి క్షణాలు చాలు. 2018లో తిత్లీ తుఫాను స్తంభాలను ఎలా నేలకూల్చిందో చూసిన జిల్లా మాది, గాలివానంటే మాకు ఈ టెన్షన్ ఉంటుంది. కాబట్టి 270 దాటితే ఆలస్యం లేకుండా మోగాలి, సప్లై కూడా కట్ అయిపోవాలి.

లో వోల్టేజీ కథ వేరు. కంప్రెసర్ మోటారు స్టార్ట్ కాలేక ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, నిజమే. కానీ ముందు స్టెబిలైజర్ ఉంది కదా! కొలవాల్సింది దాని అవుట్‌పుట్ దగ్గర. అక్కడ 207 కంటే తగ్గి, రెండు మూడు నిమిషాలు అలాగే ఉంటేనే మోగాలి. మళ్లీ 212 దాటాకే ఆగాలి. లేకపోతే హద్దు దగ్గర ఊగుతూ పదే పదే మోగుతుంది. లోపలి గోడల చుట్టూ ఐస్ పొర ఉండే ఐస్ లైన్డ్ ఫ్రిజ్ అయితే కరెంటు పోయినా కొన్ని గంటలు చల్లదనం నిలుపుతుంది. టీకాలకు కావాల్సిన 2 నుంచి 8 డిగ్రీలను చూసే అలారం ఎలాగూ విడిగా ఉంటుంది.

నేను చెప్పిన అంకెలే శాసనం కాదు. యంత్రం మీద కంపెనీ ఏం రాసిందో చూడాలి, వేసవి సాయంత్రాలు కూడా కలిసేలా రెండు వారాలు లైను రికార్డు చేయాలి, ఆ తర్వాతే హద్దు పెట్టాలి. వచ్చే టెండర్లో ‘ఐదు శాతం’ అన్న లైను తీసేసి ఈ పద్ధతి రాయించండి.

ఇంకొకటి. లో వోల్టేజీ మెసేజ్ మెయింటెనెన్స్ వాళ్లకు పంపితే చాలు. అర్ధరాత్రి సిస్టర్ గారు దానికి చేయగలిగిందేమీ లేదు. హై వోల్టేజీది మాత్రం ఇద్దరికీ వెళ్లాలి. కట్-ఆఫ్ పని చేయకపోతే మెయిన్ ఆఫ్ చేయడం ఆవిడకు వచ్చు.

ఇట్లు,
ఒక టెక్నీషియన్,
ఉద్దానం