సోర్స్ నుంచి అప్‌డేట్: వెనక్కి వచ్చే దారి ముందే వేసుకోండి

సంపాదకులకు,

ఫోన్లు, విండోస్ అప్‌డేట్ల గురించి మీ సాంకేతిక పేజీలో తరచూ వస్తుంటుంది. కాలేజీ ల్యాబుల్లో, చిన్న ఆఫీసుల్లో ఫ్రీబీఎస్‌డీ (యునిక్స్ తరహా ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్లు చూసుకునేవాళ్ల కోసం కూడా నాలుగు ముక్కలు వేయమని మనవి. సోర్స్ కోడ్ నుంచి, అంటే మూల కోడ్‌ను మన మెషీన్‌లోనే ప్రోగ్రాములుగా మార్చుకుని (కంపైల్ చేసి) వేసే అప్‌డేట్ అనగానే 'కంపైల్‌కు గంటలు పడుతుంది' అని వాయిదా వేస్తుంటారు. అసలు చిక్కు కంపైల్ కాదు. మధ్యలో ఆగిపోయినా నడుస్తున్న సిస్టమ్‌కు ఏమీ కాదు. ఇన్‌స్టాల్ సగంలో ఆగితేనే ప్రమాదం.

అయినా కంపైల్ సమయం తగ్గించుకోవచ్చు. అందులో పెద్ద వాటా సిస్టమ్‌తో వచ్చే కంపైలర్ భాగాలైన ఎల్ఎల్‌వీఎమ్, క్లాంగ్‌లదే. బిల్డ్ ఎంపికలు రాసే ఎస్ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైల్లో 'వితవుట్ ఎల్ఎల్‌వీఎమ్ టార్గెట్ ఆల్' పెడితే మన ప్రాసెసర్‌కు కావలసినంతే తయారవుతుంది. తర్వాత, మారిన ఫైళ్లనే మళ్లీ బిల్డ్ చేయించే 'విత్ మెటా మోడ్'. ఇది మాత్రం ఎస్ఆర్‌సీ-ఎన్వ్ డాట్ కాన్ఫ్‌లోనే ఉండాలి, మామూలు ఎస్ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో రాస్తే పట్టించుకోదు. ఫైల్‌మాన్ మాడ్యూల్‌ను ముందే లోడ్ చేయాలి, ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో రాసిపెట్టేది అదే. మొదటిసారి మొత్తం బిల్డ్ అవుతుంది, తర్వాతి నుంచి మారినవే. 4 జీబీ ర్యామ్ మెషీన్‌లో 'జే 8' (ఒకేసారి ఎనిమిది పనులు) ఇచ్చి, ఎల్ఎల్‌వీఎమ్ దగ్గర 'కిల్డ్' అని ఆగితే కోడ్‌ను అనుమానించకండి. మెమరీ చాలలేదు. 'జే 2'తో మళ్లీ నడపండి.

మామూలు పద్ధతిలో ముందు కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) వేసి, రీబూట్ చేసి, ఆ తర్వాతే వరల్డ్ (సిస్టమ్‌లోని మిగతా ప్రోగ్రాములు, లైబ్రరీలు) వేయాలి. కొత్త కెర్నల్ మీద పాత ప్రోగ్రాములు నడుస్తాయి. పాత కెర్నల్ మీద కొత్త లైబ్రరీలు 'బ్యాడ్ సిస్టమ్ కాల్' అని కూలబడొచ్చు. కెర్నల్ చెడితే పాతది 'కెర్నల్ డాట్ ఓల్డ్'గా ఉంటుంది. వరల్డ్‌కు అలాంటిదేమీ లేదు.

అందుకే జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్నవాళ్లు బూట్ ఎన్విరాన్‌మెంట్ (విడిగా బూట్ చేయగల సిస్టమ్ నకలు) వాడాలి. దాన్ని నడిపే బీఈసీటీఎల్ 2018లో వచ్చిన 12.0 నుంచీ సిస్టమ్‌తోపాటే ఉంది. సోర్స్‌లోని టూల్స్/బిల్డ్ ఫోల్డర్‌లో ఉండే 'బీఈఇన్‌స్టాల్' స్క్రిప్టు కొత్త ఎన్విరాన్‌మెంట్ సృష్టించి కెర్నల్, వరల్డ్ రెండూ అందులోనే వేస్తుంది. నడుస్తున్న సిస్టమ్‌ను ముట్టుకోదు, సేవలన్నీ ఆపి సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్లే బాధ లేదు. తేడా వస్తే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుంటే సరి. దూరాన ఉన్న సర్వరైతే బీఈసీటీఎల్‌కు 'యాక్టివేట్ మైనస్ టీ' ఇవ్వండి. ఒక్క బూట్‌కే కొత్తది వస్తుంది, ఆ తర్వాతి రీబూట్‌కు పాతదే.

ఇక్కడే చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. ఇన్‌స్టాలర్ ఇచ్చే మామూలు అమరికలో హోమ్, వార్/లాగ్ విడి డేటాసెట్లు (జడ్‌ఎఫ్‌ఎస్‌లో వేరుగా ఉండే ఫైల్ విభాగాలు), కానీ వార్/డీబీ మాత్రం బూట్ ఎన్విరాన్‌మెంట్‌లో భాగమే. మైసీక్వెల్ లేదా పోస్ట్‌గ్రెస్ డేటా అక్కడే ఉంటే, పాతదానికి వెళ్లినప్పుడు డేటా కూడా పాతదైపోతుంది. అప్‌డేట్‌కు ముందే డేటాబేస్ ఫోల్డర్లకు విడి డేటాసెట్ చేసి పెట్టుకోండి.

ఈటీసీ ఫోల్డర్‌లోని సెట్టింగుల ఫైళ్లను కొత్తవాటితో కలిపేటప్పుడు, 'ఈటీసీఅప్‌డేట్ రిజాల్వ్' ప్రశ్నకు తొందరపడి 'టీఎఫ్' (పూర్తిగా కొత్త ఫైలే ఉంచు) కొట్టొద్దు. యూజర్ల జాబితా ఉండే మాస్టర్ డాట్ పాస్‌డబ్ల్యూడీ ఫైల్ విషయంలో అలా చేస్తే మీరు చేర్చిన యూజర్లంతా పోతారు. 'ఈ' నొక్కి ఫైలు తెరిచి, బాణం గుర్తుల మధ్య ఉన్న రెండు రూపాలూ చూసి చేత్తో సరిచేయండి.

కొత్తది బాగా నడుస్తోందని జడ్‌పూల్ అప్‌గ్రేడ్ (జడ్‌ఎఫ్‌ఎస్ డిస్క్ పూల్‌కు కొత్త ఫీచర్లు చేర్చడం) వెంటనే చేయకండి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉండి సిస్టమ్‌ను బూట్ చేసే లోడర్‌ను, వరల్డ్ వేసే ఇన్‌స్టాల్‌వరల్డ్ మార్చదు. కొత్త లోడర్‌ను ముందు అక్కడికి కాపీ చేయాలి. లేదంటే పాత లోడర్ కొత్త పూల్‌ను చదవలేక మెషీన్ బూట్ కాకపోవచ్చు. అప్పుడు పాత ఎన్విరాన్‌మెంట్ ఉన్నా దాన్ని చేరే దారి ఉండదు.

– కొందరు సర్వర్ నిర్వాహకులు, హైదరాబాద్