బడి మైదానం గేటు పొద్దున తెరవండి

సంపాదకులకు,

హన్మకొండలో టైలరింగ్ చేస్తాను. ఇరవై ఏళ్లుగా మిషన్ ముందే కూర్చుని నడుం పట్టేసింది. రాత్రి రెండైనా నిద్ర వచ్చేది కాదు, చిన్న మాటకే టెన్షన్. దసరా తర్వాత భద్రకాళి చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టాను. పొద్దుటి వెలుగుకు ఒంట్లోని గడియారం సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. నిజమే, ఇప్పుడు పదింటికే కళ్లు మూతలు పడుతున్నాయి. ఒడ్డున ఒంటికాలి మీద కదలకుండా నిలబడ్డ కొంగను చూస్తూ నేనూ ఆగిపోతాను. ఆ కాసేపు ఇవ్వాల్సిన జాకెట్లు గుర్తుకు రావు.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఐదు రోజులు, అరగంట చొప్పున. మా వీధి ఆడవాళ్లకు కట్ట దూరం. పక్కనే ఉన్న బడి మైదానానికేమో తాళం. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా తెరవండి. ఊడ్చి, మళ్లీ తాళం వేసే పూచీ మాది.

– ఒక టైలర్, హన్మకొండ