మూడు మ్యాచ్‌లు ఒక్కతే

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక సాఫ్ట్‌బాల్ పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసే అమ్మాయి, ఫోటో వేశారు. ఆరో తరగతి పిల్ల. చెయ్యి గిర్రున తిరిగి తల మీదికి వచ్చిన క్షణాన తీసిన ఫోటో అది. ఆడపిల్లల ఆటకు, అదీ క్రికెట్ కాని ఆటకు, అంత చోటు ఇచ్చినందుకు సంతోషించాను. కింద రాసిన వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఒకే రోజు మూడు మ్యాచ్‌లలోనూ ఆ పాపే ఒంటిచేత్తో బంతులు వేసిందని మెచ్చుకున్నారు. ఇరవై రెండేళ్లుగా జిల్లా పరిషత్ పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. నాకది మెచ్చుకోవలసిన విషయంగా తోచలేదు.

మా దగ్గర పిచ్చర్ ఎలా తయారవుతుందో చెబుతాను. పోటీలకు పేర్లు పంపే గడువు దగ్గరపడుతుంది. తొమ్మిది మందిని నిలబెట్టాలి. ఎవరి చెయ్యి వేగంగా తిరిగితే ఆ పిల్లే పిచ్చర్. ఎనిమిదేళ్ల క్రితం నేనూ అదే చేశాను. ఏడో తరగతి అమ్మాయి, బక్కపలచని పిల్ల. ఆమె బంతి బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గ్లౌజులో పడితే ఆ చప్పుడు స్టాఫ్ రూము దాకా వినిపించేది. ఆ చప్పుడుకే నేను మురిసిపోయాను. ఎదురుగా ఎవరూ బ్యాటు పట్టుకుని నిలబడకుండా, ఖాళీ మైదానంలో వేసిన బంతులవి.

మ్యాచ్‌లో మొదటి బ్యాటర్‌కు నాలుగూ బాల్స్ పడ్డాయి, అంటే కొట్టదగ్గ చోటికి రాని బంతులు. అలా నాలుగు పడితే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేసుకు, అంటే పరుగు దారిలోని మొదటి మజిలీకి, వెళ్తుంది. రెండో ఆమెకూ అంతే. బేసులన్నీ నిండాక వేసిన ప్రతి నాలుగు బంతులకూ ఒక పరుగు. బ్యాటు తగలకుండానే ఆరు పరుగులు వెళ్లిపోయాయి. సున్నం గీత అవతల నుంచి పెద్దవాళ్లే కేకలు వేస్తున్నారు. ఆ పిల్ల నా వైపు చూసింది. "భయపడకు, వెయ్యి" అన్నాను. ఏ నమ్మకంతోనూ అన్న మాట కాదు, నా దగ్గర మరో పిచ్చర్ లేదు. మర్నాడు గ్లౌజు తిరిగి ఇచ్చేసింది. కడిగి, ఎండబెట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి తెచ్చింది. తోలు గ్లౌజు నీళ్లలో ముంచకూడదని ఆమెకు ఎవరు చెప్పారు గనుక? చెక్కలా బిగుసుకుపోయింది. ఆ గ్లౌజు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇప్పుడు నేను వేగాన్ని అన్నింటికంటే చివర చూస్తాను. రెండు గుంజలకు రెండు తాళ్లు కడతాను. ఒకటి మోకాలి ఎత్తున, ఇంకొకటి ఛాతీ ఎత్తున. మధ్యలో ఒక అమ్మాయి బ్యాటు పట్టుకుని ఊరికే నిలబడుతుంది, కొట్టదు. పిచ్చర్ ముందు మైదానం చుట్టూ రెండుసార్లు పరుగెత్తి రావాలి, రొప్పుతూనే పది బంతులు వెయ్యాలి. అందులో ఆరు తాళ్ల మధ్య నుంచి వెళ్లాలి. ఒక్క రోజు కాదు, వరుసగా రెండు వారాలు. అప్పుడే మిగతా విషయాలు మాట్లాడతాను.

మిగతా వాటిలో ముఖ్యమైనది ఆ పిల్ల ప్రాణానికి సంబంధించింది. పెద్ద ఆడవాళ్ల ఆటలో పిచ్చర్‌కూ, బ్యాటర్ నిలబడే చోటైన హోం ప్లేటుకూ మధ్య 43 అడుగులు. బంతి వదిలేసరికి పిచ్చర్ ఒక పెద్ద అంగ ముందుకు వచ్చి ఉంటుంది. గట్టిగా తగిలిన బంతి తిరిగి ముఖం మీదికి రావడానికి అర సెకను పట్టదు. బంతి వేసి, అది ఎక్కడ పడిందా అని చూస్తూ చేతులు వేలాడేసి నిలబడే పిల్లను మైదానంలోకి పంపడం తప్పు. వేసిన మరుక్షణం గ్లౌజు ఛాతీ ముందుకు రావాలి. అమెరికాలో పన్నెండేళ్ల లోపు పిల్లలకు 40 అడుగులు, పదేళ్ల లోపు వారికి 35 అడుగులే, వాళ్ల బంతి కూడా చిన్నది. ఇక్కడ నేను చూసిన చాలా మైదానాల్లో టేపే ఉండదు. ఎవరో ఒక మాస్టారు తన అడుగులతో కొలిచి సున్నం పోస్తారు. ఆయన పొడుగు మనిషైతే పిల్లల పని అంతే.

కింది నుంచి వేసే బంతి కాబట్టి భుజానికి ఏమీ కాదని ఒక మాట ప్రచారంలో ఉంది. అది తప్పు. పరిశోధకులు కొలిచి చూస్తే, తల మీదుగా విసిరే బేస్‌బాల్ పిచ్చర్ భుజం మీద పడేంత భారమే దాదాపుగా వీళ్ల భుజం మీదా పడుతోందని తేలింది. అమెరికా క్రీడావైద్యులు పది నుంచి పన్నెండేళ్ల పిచ్చర్‌కు మ్యాచ్‌కు 65 బంతులు, పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లకు 80 బంతులు చాలన్నారు. మీ ఫోటోలోని పాప ఆ రోజు ఎన్ని వేసి ఉంటుందో లెక్క వేసుకోండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో 413 బంతులు వేసి బంగారు పతకం తెచ్చిన సంగతి మా శిక్షణ శిబిరాల్లో అందరూ చెబుతారు. ఆమెకు అప్పుడు 26 ఏళ్లన్న సంగతి ఎవరూ చెప్పరు.

మ్యాచ్‌లోకి దింపకుండా మ్యాచ్ ఆడడం ఎలా వస్తుందని తోటి మాస్టర్లు అడుగుతారు. నిజమే, రాదు. అందుకే ముందు మా తరగతుల మధ్య పోటీలో దింపుతాను. "ముగ్గురు బ్యాటర్లకే వేస్తావు, ఏం జరిగినా ఆ తర్వాత నిన్ను మారుస్తాను" అని ముందే చెబుతాను. అలా చెబితే బయటికి రావడం అవమానంగా ఉండదు. మొదట దిగిన అమ్మాయి బయటికి వచ్చి ఒకసారి మళ్లీ దిగవచ్చని ఆట నియమాల్లోనే ఉంది, మనమే వాడుకోం. పోయిన ఏడాది ఒక పిల్ల నాలుగు బాల్స్ వేసి, క్యాచర్ చేతిలోంచి బంతి తిరిగి వచ్చేలోపే చెయ్యి చాచింది. నాకు ఆ చెయ్యి చాలు. ఆమె వేగం మా జట్టులో మూడోది.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. పద్నాలుగేళ్ల లోపు పోటీల్లో ప్రతి జట్టూ కనీసం ఇద్దరు పిచ్చర్లను చూపించాలి, స్కోరు పుస్తకంలో బంతుల లెక్కకు ఒక గడి ఉండాలి. మీకూ ఒకటి. ఈసారి ఇలాంటి ఫోటో వేసేటప్పుడు ఎన్ని బంతులు వేసిందో అడిగి రాయండి. మాస్టారికి గుర్తు లేకపోతే క్యాచర్‌ను అడగండి, ఆమె అరచెయ్యి చూపిస్తుంది.

— ఒక వ్యాయామోపాధ్యాయిని, అనంతపురం జిల్లా