మాటలు చెరపొద్దని చెప్పమ్మా

ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మా,

నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న శనివారం బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడిలో నా స్నేహితురాలి పెళ్ళయింది. ఇక్కడ వీడియో వాళ్ళు వేల డాలర్లు అడుగుతారు. "నువ్వే తియ్యవే" అంది. తెనాలిలో ఉన్న వాళ్ళ నాయనమ్మ ఇంత దూరం రాలేరు. ఆవిడ కోసమని తెలిశాక కాదనలేకపోయాను.

రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. అరువు తెచ్చిన కెమెరా పాతది, అరగంట కావస్తుంటే దానంతట అదే ఆగిపోతుంది. అందుకని ఒక్కో తంతు అవగానే ఆపి మళ్ళీ నొక్కుతూ వచ్చాను. అయినా ఒక పొరపాటు జరిగింది. ట్రైపాడ్ చుట్టాల వెనకాల పెట్టాను. జీలకర్ర బెల్లం పెట్టి తెర తీసేసరికి అక్షింతలు వెయ్యడానికి అందరూ ఒక్కసారిగా లేచారు. నా కెమెరాలో వీపులు, ఎత్తిన చేతులు! ఏడుపొచ్చేసింది. మండపం స్తంభానికి కట్టిన ఫోన్‌లో రికార్డవుతూ ఉండబట్టి ఆ ఘట్టం దక్కింది.

మాటలు మాత్రం చక్కగా వచ్చాయి. ముందురోజే అడిగి పంతులుగారి కండువాకి చిన్న మైకు పెట్టాను. కాళ్ళు కడిగేటప్పుడు పెళ్ళికూతురి అమ్మగారి చెయ్యి వణికి చెంబు పళ్ళేనికి తగిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. పంతులుగారు చెప్పింది పెళ్ళికూతురి నాన్నగారు తిరిగి చెబుతూ మధ్యలో ఆగిపోయారు. గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నారు. నాయనమ్మగారికి చూపు సరిగ్గా ఆనదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ ఒక్క చోటే మూడుసార్లు విన్నారట. "వీడు చిన్నప్పుడూ ఇంతే, ఏడుపొస్తే గొంతు సవరించుకునేవాడు" అన్నారట.

అప్పుడు మీ పెళ్ళి కేసెట్ గుర్తొచ్చిందమ్మా. అప్పగింతల్లో తాతయ్య నాన్న చెయ్యి పట్టుకుని ఏదో చెబుతారు. పెదవులు కదులుతాయి, పైన సినిమా పాట మోగుతుంటుంది. ఆయన గొంతు మన దగ్గర ఇంకెక్కడా లేదు.

చిన్నోడి పెళ్ళికి వాడి ఫ్రెండు వీడియో తీస్తానన్నాడట కదా. నేను ఆడపడుచుని, కెమెరా పట్టుకుని తిరగడం కుదరదు. మైకుల సంగతి మాత్రం నాకు వదిలెయ్యండి, ఇక్కడి నుంచి రెండు తెస్తాను. ఆ అబ్బాయికి చెప్పు: మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరాలో షట్టర్ వేగం 1/50 సెకను పెట్టుకోమను, లేకపోతే లైట్ల కింద బొమ్మ మినుకుమినుకుమంటుంది. ఇక్కడ 60. గట్టిమేళం అందుకోగానే సౌండ్ పగిలిపోతుంది, అందుకే మేళం వాళ్ళని పంతులుగారికి కాస్త దూరంగా కూర్చోబెట్టండి. తర్వాత పాటలు వేసుకుంటే వేసుకోనీ, కానీ మాటలున్న అసలు వీడియో చెరపకుండా నాకిమ్మను.

నీ చీరకి కూడా ఒక మైకు పెడతాను. అది ఉందని బిగుసుకుపోకుండా ఎప్పటిలాగే మాట్లాడమ్మా.

నీ పెద్దమ్మాయి